మూడుసార్లు అడిగే గట్టమ్మ

మా గట్టమ్మ పెద్దమ్మ ఏ సంగతినైనా ముగ్గురిని అడగనిదే నమ్మదు. అదీ చుట్టుపక్కల వాళ్లందరికీ వినిపించేటట్టు అడుగుతుంది. మానుకోట బస్సెక్కితే డ్రైవర్ని అడుగుతుంది, కండక్టర్ని అడుగుతుంది, చాలక పక్క సీట్లో కునుకు తీస్తున్న ముసలాయనను లేపి మరీ "బాపూ, గిది మానుకోట పోతదా?" అంటుంది. అప్పటికి బస్సు మానుకోట చేరే ఉంటుంది.

ఒక పెళ్లిలో "పిలగాడు తాగుతడా?" అని పెళ్లికొడుకునే అడిగింది. తాగనన్నాడు. వాళ్లమ్మను అడిగింది. వాసన కూడా పడదన్నది. మూడోసారి బ్యాండు వాయించే కాటమయ్యను అడిగింది. "నిన్న నాతోనే కూసున్నడు గదా అవ్వా," అన్నాడు. ఆ పూట మా బంతికి ఎవరూ వడ్డించలేదు.

ఇలాంటి మనిషిని దవాఖానకు తీసుకుపోయే పని నా నెత్తిన పడింది. బాధ ఆమెది కాదు, పక్కింటి భద్రమ్మది. ముట్టు ఆగిపోయిన ఐదేళ్లకు భద్రమ్మకు మళ్లీ రక్తం కనబడుతోంది. స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందన్నారు. క్యాన్సరో కాదో తేలాలంటే సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి, చూసి, ముక్క తీయాలని డాక్టర్ జమున చెప్పారు. కానీ కెలికితే రోగం పాకుతుందని ఊళ్లో ఎవరో భద్రమ్మ చెవిలో ఊదారు. ఆమె రెండుసార్లు పరీక్ష ఎగ్గొట్టింది. మూడోసారి పెద్దమ్మే ఆమె చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది.

డాక్టర్ గదిలో అడుగు పెట్టగానే పెద్దమ్మ మొదలుపెట్టింది. "అమ్మా, కెమెరా పెట్టి లోపలికి నీళ్లు వదుల్తరట గదా. గా నీళ్లతోని రోగం కడుపంత పాకుతదా?"

బయట బెంచీల మీది పాతికమంది తలలు తిప్పారు. నేను గోడ మీది టీకాల పోస్టరును మహా శ్రద్ధగా చదవసాగాను.

డాక్టరమ్మ విసుక్కోలేదు. "నీళ్లతోని కొన్ని కణాలు జరగొచ్చు అవ్వా. కానీ దానివల్ల రోగం ముదిరిందని, ప్రాణానికి ముప్పు పెరిగిందని ఇప్పటిదాకా ఈ పరీక్ష చేయించుకున్నోళ్లల్ల తేలలేదు. అయినా మేం నీళ్ల ఒత్తిడి తక్కువే పెడతం. కంటితోని చూసి ముక్క తీస్తే చిన్న మచ్చ కూడా తప్పిపోయే భయం తక్కువ."

పెద్దమ్మ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చి నర్సు సుజాతను అదే ప్రశ్న అడిగింది. సుజాత అదే జవాబు చెప్పి, చాలామంది ఆ రోజే ఇంటికి పోతారని కలిపింది. ఆ తరువాత బెంచీ మీద కూర్చున్న కల్యాణి అనే ఆమె వంతు వచ్చింది.

"నాకూ గదే పరీక్ష చేసిన్రు అవ్వా. క్యాన్సరని తేలింది, సంచి తీసిన్రు. రెండేండ్లయింది. ఇగో, చెకప్‌కు ఒక్కదాన్నే వచ్చిన," అంది కల్యాణి.

నేనిక తట్టుకోలేక పెద్దమ్మను పక్కకు పిలిచాను. "డాక్టరమ్మ చెప్పింది సాలదా పెద్దమ్మా? ఇజ్జత్ పోతాంది."

"నాకు మొదటిసారే సమజైంది రవీందరూ," అంది. ఆమె గొంతు తగ్గించగలదని నాకు ఆ రోజే తెలిసింది. "భద్రమ్మకు కాలే. భయంతోని చెవులు మూసుకపోయినయి. నోరు తెరిచి అడుగుదామంటె సిగ్గు. డాక్టరమ్మ చెప్తాంటె నేల చూసింది. నర్సమ్మ చెప్తాంటె నా దిక్కు చూసింది. ఇప్పుడు సూడు."

చూశాను. భద్రమ్మ కల్యాణి పక్కకు జరిగి కూర్చుని, ఏదో గుసగుసగా అడుగుతోంది. నాకు నిజంగా సిగ్గేసింది. కాసేపటికి ఆమె తనంతట తానే లేచి పరీక్షకు లోపలికి పోయింది.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. కాకపోతే మొదట్లోనే దొరికిందని, ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగా ఉందని డాక్టరమ్మ చెప్పారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని నోరు తెరవబోయింది. అంతలో భద్రమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఆపరేషన్ ఎన్నడు చేస్తరమ్మా? ఎన్ని దినాలు పండుకోవాలె? మల్ల నాట్లకు పోవచ్చా?" అని గదంతా మోగేటట్టు అడిగింది.

నేను పెద్దమ్మ చెవి దగ్గరికి వంగి, "నువ్వేం అడగవా?" అన్నాను.

"ఆమె అడుగుతాంది గదరా," అంది పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ. "జర విననియ్యి."