మూడు వందల పన్నెండు పేర్లు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని నంబర్లాయన అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అదీ కాంట్రాక్టు వాళ్లకు వేరుగా పెట్టిన పట్టీలో. పదిహేడేళ్లపాటు ఆయన చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కంప్యూటర్లకు నంబర్లివ్వడం. ఆసుపత్రి మొత్తానికి ఒకటే నెట్‌వర్క్. దానికి తగిలించిన ప్రతి కంప్యూటరుకూ, ప్రతి ప్రింటరుకూ ఒక నంబరుండాలి. రెండింటికి ఒకే నంబరు పడిందా, రెండూ మొరాయిస్తాయి. మనుషులకు నంబర్లు గుర్తుండవు కాబట్టి ప్రతిదానికీ ఒక పేరు కూడా కావాలి. ల్యాబ్ ప్రింటర్, ఎక్స్‌రే రెండు, మందుల కౌంటర్ మూడు, అలా. ఏ పేరుది ఏ నంబరో చెప్పే పట్టిక సర్వర్లో ఉంటుంది. ఆ పట్టికకు మూలం నంబర్లాయన నోటుపుస్తకం.

నీలం అట్ట, పొడుగు పుస్తకం. పేర్లు పెన్నుతో రాసేవాడు, నంబర్లు పెన్సిల్‌తో. గదులు మారితే నంబరు చెరిపి కొత్తది రాయాలి కదా. చెరిపి చెరిపి కొన్నిచోట్ల కాగితం పల్చబడి అవతలి వైపు రాత కనిపించేది. మెట్ల కింద, ఒకప్పుడు స్ట్రెచర్లు పెట్టుకునే గది ఆయనకిచ్చారు. గోడలకు చక్రాలు రాసుకున్న గీతలు అలాగే ఉండేవి. ఎవరి ప్రింటరు ఆగినా ఆ గది తలుపే తట్టేవారు. పని అయ్యాక ఆ తలుపు ఎటువైపుందో కూడా మరిచిపోయేవారు, అది వేరే సంగతి.

ఆయనకున్న ఆశ ఒక్కటే, పర్మనెంట్ కావడం. పదిహేడేళ్లలో మూడుసార్లు పర్మనెంట్ చేసే వాళ్ల జాబితా తయారైంది, మూడుసార్లూ ఆయన పేరు లేదు. మొదటిసారి సర్వీసు చాలదన్నారు. రెండోసారి చదువు చాలదన్నారు. మూడోసారి ఏమన్నారో ఆయనే అడగలేదు. ఇంకో మూడేళ్లు పోతే వయసు దాటిపోతుంది, ఆ తర్వాత అడగడానికి కూడా ఉండదు. అలాంటి సమయంలో కొత్త పరిపాలనాధికారి వచ్చాడు. ఎక్కడో మీటింగుకు వెళ్లొచ్చి, కోటు కూడా విప్పకుండా నంబర్లాయన్ని పిలిపించాడు.

"ఏమయ్యా, ఈ కాలంలో కూడా పుస్తకంలో రాసుకోవడమేంటి? మిగతా ఆసుపత్రులన్నీ డీహెచ్‌సీపీ అనే పద్ధతి పెట్టుకున్నాయట. కంప్యూటరు పెడితే చాలు, నంబరు దానంతటదే తీసుకుంటుందట. పేరు కూడా పట్టికలో దానంతటదే ఎక్కుతుందట. నీకు వచ్చా ఆ పని?"

"వచ్చు సార్. ఆరేళ్ల కిందటే పెడదామని కాగితం పెట్టుకున్నాను."

"పాత సంగతులెందుకు. నెలాఖరుకు పర్మనెంట్ జాబితా పైకి పంపాలి. ఈలోగా ఇది పూర్తి చేశావంటే మొదటి పేరు నీదే."

నంబర్లాయన, "ప్రింటర్లకు మాత్రం పాత నంబర్లే ఖాయంగా ఉంచుదాం సార్, అవి మారితే ఇబ్బంది" అన్నాడు.

"ఉంచుదామంటే మళ్లీ పుస్తకమేగా. అన్నీ ఆటోమేటిక్. ఒక్కటి కూడా చేత్తో రాసింది ఉండకూడదు."

ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుట్టుమిషను ఆపకుండానే అంతా విన్నది.

"వాళ్లకు మీతో పనల్లా ఆ పుస్తకంతోనేనండీ. దానంతటదే జరిగిపోతే ఇంక మీరెందుకు వాళ్లకు?"

"నువ్వన్నీ వంకరగానే చూస్తావు. పర్మనెంట్ చేస్తానని ఆయన నోటితోనే అన్నాడు."

"నోటితోనే కదా అన్నది" అని ఆవిడ దారం తెంపింది.

తర్వాతి రెండు వారాలూ ఆయన ఎంత ఇష్టంగా పనిచేశాడో చెబితే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. నంబర్లు పంచే సర్వరు నిలబెట్టాడు. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా పంచాలో రాశాడు. ఇచ్చిన నంబరు ఒక్కరోజుకే చెల్లేలా గడువు పెట్టాడు. కంప్యూటరు ఆన్‌లో ఉన్నంతకాలం గడువు పొడిగించుకుంటూ పోతుంది. ఆపేసి వెళ్లిపోతే, గడువు తీరగానే నంబరు వెనక్కొస్తుంది, పట్టికలో పేరు కూడా దానంతటదే చెరిగిపోతుంది. పేరు చెరిపేసే ఆ ఆదేశాన్ని సర్వర్లో ఆయనే చేతులారా రాసి, రెండుసార్లు సరిచూసుకున్నాడు. పట్టికలో ఎవరు పడితే వాళ్లు రాయకుండా ఒక రహస్య తాళం పెట్టి, ఆ తాళం సర్వరుకు మాత్రమే ఇచ్చాడు. ఆ తర్వాత పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త ల్యాప్‌టాప్ తగిలించి చూశాడు. కళ్లు మూసి తెరిచేలోగా నంబరొచ్చింది, పట్టికలో పేరెక్కింది. తాను పదిహేను నిమిషాలు చేసే పని అది.

తప్పు ఇక్కడే జరిగింది. పట్టికలో అప్పటికే ఆయన చేత్తో ఎక్కించిన మూడు వందల పన్నెండు పేర్లున్నాయి. వాటిని తీసేసి మొదలుపెట్టాల్సింది. తీయలేదు. పదిహేడేళ్ల రాత, ఉంటే ఏం పోయింది, అవసరమైతే సర్వరే కొత్త నంబరు దిద్దుకుంటుందిలే అనుకున్నాడు. పరీక్షించింది పాత పేరు లేని కొత్త ల్యాప్‌టాప్‌తో కాబట్టి తేడా బయటపడలేదు. అంత జాగ్రత్త మనిషి, మనసు పడ్డచోట ఒక్క కన్ను మూసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి మొత్తాన్ని కొత్త పద్ధతికి మార్చారు. పదకొండింటికి ల్యాబ్‌లో పెద్దావిడ, అందరూ ల్యాబ్ అక్క అనే ఆవిడ, మెట్ల కింద గదికి వచ్చింది.

"తమ్ముడూ, తొమ్మిదింటి నుంచి ఒక్క రిపోర్టూ బయటికి రాలేదు. కంప్యూటరేమో ప్రింటయిందంటోంది. పైన ఆపరేషన్‌కు పేషెంటును పడుకోబెట్టి రక్తం రిపోర్టు కోసం చూస్తున్నారు."

రిపోర్టులు వంటగదిలో దొరికాయి. ల్యాబ్ ప్రింటరు కొత్త నంబరు తీసుకుంది. దాని పాత నంబరు, రోగుల భోజనాల జాబితా అచ్చేసే వంటగది ప్రింటరుకు వెళ్లింది. పట్టికలో మాత్రం ల్యాబ్ ప్రింటర్ అన్న పేరు పక్కన పాత నంబరే ఉండిపోయింది. రెండు గంటల రక్తం రిపోర్టులు భోజనాల కాగితాలతో కలిసి కట్టగా ఉన్నాయి. వంటమనిషి వాటిని ఇస్తూ, "పదమూడో బెడ్డుకు హిమోగ్లోబిన్ ఎంత వండాలో ఎవరినడగాలా అని చూస్తున్నా" అన్నాడు. ఇంకో రోజయితే నంబర్లాయన కూడా నవ్వేవాడు.

ఆపరేషన్ రెండున్నర గంటలు ఆలస్యమైంది. పేషెంటుకు ఏమీ కాలేదు, కానీ ఆ పేషెంటు అల్లుడు పరిపాలనాధికారి గదిలోకెళ్లి ఒంటికాలిమీద లేచాడు.

సర్వరు రాసుకున్న చిట్టా చదివాక నంబర్లాయనకు సంగతి అర్థమైంది. సర్వరు తాను ఎక్కించిన ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు లేని పేరు కనిపిస్తే, ఇది వేరేవాళ్లది, నేను ముట్టుకోకూడదని ఊరుకుంటుంది. ఆయన చేతిరాతకు మనుషులెవరూ ఇవ్వని మర్యాద ఆ యంత్రం ఇచ్చింది, పొద్దుటి నుంచి మూడు వందలసార్లు ఇచ్చింది. ఆ మర్యాదే ఆయన కొంప ముంచింది.

పరిపాలనాధికారి అడిగితే దాచకుండా చెప్పాడు. పాత పేర్లు తీయకపోవడం నా పొరపాటు సార్, వారంలో సరిచేస్తాను అన్నాడు.

"అదే ఒక కాగితం మీద రాసివ్వు. ఊరికే, ఫైల్లో ఉండటానికి" అన్నాడు అధికారి, చాలా మెత్తగా.

రాసిచ్చాడు. ఆ సంగతి విని భార్య కుట్టుమిషను ఆపేసింది.

"ప్రింటర్లకు పాత నంబర్లే ఉంచుదామని మీరు చెప్పారుగా? ఆయనే వద్దన్నాడుగా? అది రాశారా?"

"పేర్లు తీయకపోవడం నా తప్పేగా."

"అది కాదు నేనడిగింది."

రాయలేదన్నది ఆవిడకు అర్థమైంది. జాబితా పంపాల్సినవాడి మీద కాగితం ఎలా రాస్తామన్నది ఆయన లెక్క.

తర్వాతి నాలుగు రోజులూ నీలం పుస్తకం ముందేసుకుని ఒక్కొక్క పేరే తీశాడు. ఒక్క ఆజ్ఞతో అన్నీ తుడిచేయొచ్చు, ఆయనకు ఆ సంగతి తెలుసు. కానీ ఒక పేరు పట్టికలోంచి తీయడం, పుస్తకంలో దాని మీద గీత కొట్టడం, ఆ పేరును సర్వరు కొత్తగా ఎక్కించిందో లేదో చూడటం, ఇదీ ఆయన పద్ధతి. ల్యాబ్ అక్కకు ఒక పేజీ కూడా తయారుచేసిచ్చాడు. అది తెరిస్తే ఆ నిమిషాన పట్టికలో ఏయే పేర్లున్నాయో కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే తన ప్రింటరుందో లేదో చూసుకోమన్నాడు.

చివరికి మూడు వందల పన్నెండో పేరు మిగిలింది. అది ఆయన సొంత కంప్యూటరుది. మెట్ల గది అని పదిహేడేళ్ల కింద తానే పెట్టుకున్న పేరు. దాన్ని అలాగే వదిలేస్తే సర్వరు ఎప్పటికీ ముట్టుకోదు. కంప్యూటరున్నా లేకపోయినా, మనిషున్నా లేకపోయినా పేరు పట్టికలో ఉండిపోతుంది. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ చూడరు కూడా. కానీ ఒక్కటి కూడా చేత్తో రాసింది ఉండకూడదని కదా ఆజ్ఞ. పైగా రేపోమాపో పర్మనెంట్ అయ్యేవాడికి ఈ కక్కుర్తి ఏమిటని తనను తానే కసురుకున్నాడు. తీసేశాడు. పుస్తకంలో గీత కొట్టాడు. నిమిషం తిరక్కుండా సర్వరు అదే పేరును తన గుర్తుతో, ఒక్కరోజు గడువుతో ఎక్కించింది.

ఆ తర్వాత ఒక్క ఫిర్యాదు రాలేదు. మెట్ల గది తలుపు తట్టినవాళ్లు లేరు. పరిపాలనాధికారి పై ఆఫీసు వాళ్లను పిలిపించి, తాను తెచ్చిన పద్ధతి అని చూపించాడు. నంబర్లాయన వెనక వరసలో నిలబడి చూశాడు.

జాబితా వచ్చింది. ఆయన పేరు లేదు. ఈసారి వెళ్లి అడిగాడు. అధికారి ఫైలు తెరిచి, ఆయన చేత్తో రాసిచ్చిన కాగితమే ఆయన ముందు పెట్టాడు.

"ఇది చూశాక పైవాళ్లు ఒప్పుకోలేదయ్యా. నేనేం చెయ్యను?"

"సార్, ఇప్పుడంతా సరిగ్గా నడుస్తోంది కదా."

"అదే కదా నేనూ చెప్పేది. దానంతటదే నడుస్తోంది. ఈ నెలతో కాంట్రాక్టు కూడా అయిపోతోంది. మళ్లీ రాయమని అడగడానికి పనేదీ కనిపించట్లేదు."

మనిషిని ఉరి తీయాలంటే తాడు కూడా ఆ మనిషినే పేనమనే రకం ఆ అధికారి. పేనిపెట్టిన మనిషి మనవాడు, దానికెవరేం చేస్తారు. ఆఖరి రోజు నీలం పుస్తకం తీసుకెళ్లి అధికారి బల్ల మీద పెడితే, ఇదెందుకింక, నువ్వే ఉంచుకో అన్నాడు. సాయంత్రం అయిదింటికి నంబర్లాయన తన బల్ల తుడిచి, కంప్యూటరు ఆపి, తాళం చెవి వాచ్‌మన్‌కు ఇచ్చి ఇంటికొచ్చాడు.

మర్నాడు ఎక్కడికీ వెళ్లనవసరం లేదు. అయినా పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. మధ్యాహ్నం భోంచేసి, కుట్టుమిషను పక్కన కూర్చుని గోడ గడియారం చూస్తున్నాడు. నేను ముందే చెప్పానుగా అని భార్య ఒక్క మాట అని ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. ఆవిడ కుడుతూనే ఉంది. సాయంత్రం ఆరు దాటాక ల్యాబ్ అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నాకు ఇప్పుడే తెలిసింది. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయావేంటి? నాకేం చెయ్యాలో తోచక ఫోన్ చేశా."

"ఏం చేస్తావులే అక్కా. నీ ప్రింటరెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. పొద్దున్న కూడా చూశా, పేజీలో ఉంది."

"ఆ పేజీ ఒకసారి తెరువు. మెట్ల గది అని పేరుందేమో చూసి చెప్పు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కిందికి వెతుకుతోందని ఆయనకు తెలుసు.

"లేదు తమ్ముడూ. రెండుసార్లు చూశా. నిన్న ఉండేది."

"లేదా" అన్నాడు ఆయన. "అయితే సరిగ్గానే పనిచేస్తోంది అక్కా."