ఒట్మార్ బీరులో నిలవని నురుగు

ఒట్మార్ హవ్రాన్ మా ఊరి బీరుకొట్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళు కుళాయి దగ్గర నిలబడ్డాడు. నేను బస్సు తోలే రోజుల్లో డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. అతను పోసిన గ్లాసులో నురుగు మూడు వేళ్ళ మందాన, తడిగా, చిక్కగా నిలిచేది. గుక్క తాగిన ప్రతిసారీ గాజు మీద ఒక తెల్లని ఉంగరం మిగిలేది. ఆ ఉంగరాలు లెక్కపెట్టి ఒట్మార్ ఎవడు ఎన్ని గుక్కల్లో ముగించాడో చెప్పేవాడు. మా చెక్ దేశం వాళ్ళ ముందు నురుగు లేని గ్లాసు పెడితే దాన్ని తాగం, పోసినవాడి మొహం చూస్తాం.

కొట్టు మూతపడ్డాక ఒట్మార్ ఇంటి వెనక బట్టలుతికే గదిలో పెద్ద గిన్నె పెట్టి తనే బీరు కాచడం మొదలుపెట్టాడు. రుచికి వంక పెట్టలేం. నురుగు మాత్రం పోసిన నిమిషానికే చతికిలపడేది.

"ఒట్మార్, ఇది బీరా, చల్లారిన టీయా?" అని మొదట నవ్వింది నేనే. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ రోజు నుంచి మనిషికి వేరే ధ్యాస లేదు. బార్లీలో గుప్పెడు గోధుమ కలిపాడు. చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు ఎక్కువ వేశాడు. నానబెట్టే నీళ్ళ వేడి ఒకసారి పెంచాడు, ఒకసారి తగ్గించాడు. గొట్టాలన్నీ మార్చాడు. నీళ్ళలో లోపముందని పంచాయతీకి మూడు అర్జీలు పెట్టాడు. నురుగు మాత్రం చచ్చినా నిలవలేదు.

ఇంతలో కొట్టు మళ్ళీ తెరుస్తున్నామని మేయర్ పావ్లాసెక్ కబురు చెప్పాడు. సెప్టెంబరులో ఊరి పండగ నాడు తెరుస్తారు. కుళాయి దగ్గర ఎవరు నిలబడాలన్నదే ఇంకా తేలలేదు.

"నీ చేతి పనితనం పోయిందంటున్నారు ఒట్మార్. పండగ నాడు నీ బీరే అందరి ముందూ పొయ్యి. నురుగు నిలిస్తే కుళాయి నీది. లేదంటే ప్ల్జెన్ పట్నం నుంచి ఎవణ్ణో తెచ్చుకుంటాం" అన్నాడు మేయర్.

ఒట్మార్ సరేనన్నాడు. ఆ సాయంత్రం నాతో మాత్రం, "ఆ కుళాయి దగ్గర ఇంకొకణ్ణి చూడాల్సొస్తే ఈ ఊళ్ళో ఉండను వీటెక్" అన్నాడు. నాకు భయం వేసింది. అతను ఊరికే మాటలు అనే మనిషి కాదు.

ఆగస్టులో ఒకరోజు ఒట్మార్ పళ్ళు చూపించుకోవడానికి పట్నం వెళ్ళాడు. నేను దాహంతో అతని పెరట్లోకి వెళ్తే అతని భార్య బ్లాజెనా ఉంది. నలభై ఏళ్ళ కాపురంలో ఒట్మార్ ఆవిణ్ణి కుళాయి ముట్టుకోనివ్వలేదు. ఆడవాళ్ళ చేతికి తొందరెక్కువని అతని వాదన. పీపాలు కడిగే పని మాత్రం అన్నేళ్ళూ చేయించుకున్నాడు.

"చూడ్డానికి ఎవరున్నార్లే" అని ఆవిడ గ్లాసు తీసి, బ్రష్‌తో లోపలంతా తోమి, చన్నీళ్ళలో ముంచి, నురుగు ఒక పక్కకి ఒరిగేలా వంకరటింకరగా పోసింది.

నురుగు నిలిచింది. నేను సగం తాగినా ఉంది. గాజు మీద ఉంగరాలు వరసగా ఏర్పడ్డాయి.

"అదే పీపానా?" అన్నాను.

"అదే."

ఆవిడ గ్లాసు వైపు చూసింది, నీళ్ళ తొట్టి పక్కనున్న రేకు డబ్బా వైపు చూసింది. చన్నీళ్ళలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నానిన ఒట్మార్ చేతులు, పని మానాక పగుళ్ళిచ్చాయి. ఆవిడ పంది కొవ్వులో పసుపుపచ్చ పూరేకులు వేసి కాచి, ఆ డబ్బాలో పెట్టిన మందు వాటికి రోజుకి మూడుసార్లు రాసేది. ఒట్మార్‌కి బ్రష్ అంటే చులకన. గ్లాసులోకి మూడు వేళ్ళు దింపి గిర్రున తిప్పి కడగడం అతని గొప్ప. ఆ వేళ్ళ కొవ్వంతా గాజుకి అంటేది. కొవ్వు తగిలితే నురుగు బతకదని అతను నాలాంటివాళ్ళకి వందసార్లు పాఠం చెప్పాడు. తన వేళ్ళ సంగతే తోచలేదు.

"ఏడాదంతా ఆ నురుగుని నేనే చంపాను వీటెక్" అంది బ్లాజెనా. కూలబడి ఏడ్చింది.

ఒట్మార్ రాగానే చెప్పేసింది. అతను కోప్పడలేదు, చేతులకి మందు రాయించుకోవడం మానేశాడు. బ్రష్ మాత్రం ముట్టనన్నాడు. పండగ వచ్చేసరికి చేతులు విచ్చిపోయి, చన్నీళ్ళు తగిలితే పళ్ళు బిగపట్టేవాడు. బ్లాజెనా డబ్బా పట్టుకుని వెనకే తిరిగేది. "రాయించుకోవయ్యా, నేను చూడలేకపోతున్నాను." "పండగయ్యాక" అనేవాడు.

పండగ నాడు కొట్టు నిండా జనం. ఒట్మార్ మొదటి గ్లాసులోకి వేళ్ళు దింపి తిప్పాడు. పైకి తీసేసరికి నీళ్ళలో ఎర్రటి చార. గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి చూసుకున్నాడు. మేయర్ దగ్గాడు.

"బ్లాజెనా, ఇలా రా" అన్నాడు ఒట్మార్. "నువ్వు పొయ్యి."

"నేనా? వంకరగా పోస్తానేమో."

"పొయ్యవే. బ్రష్ తీసుకో."

ఆవిడ పోసింది. పది గ్లాసులూ వంకరే, పదింటిలోనూ నురుగు నిలిచింది. మేయర్ తన గ్లాసు మీద ఆరు ఉంగరాలు లెక్కపెట్టి, "బాగుంది ఒట్మార్, కుళాయి నీదే" అన్నాడు.

"కాదు. పోసిందెవరో చూశావుగా" అన్నాడు ఒట్మార్. ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

ఇప్పుడు కుళాయి దగ్గర బ్లాజెనా ఉంది. ఒట్మార్ చేతులకి దట్టంగా మందు రాసుకుని, నా పక్కన బల్ల ముందు కూర్చుంటాడు. మొదటి రోజు ఆవిడ గ్లాసు తెచ్చి ముందు పెడితే ముట్టుకోకుండా చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరికీ పోసినవాడికి ఆ కొట్టులో ఇంకొకరు పోసి ఇవ్వడం అదే మొదలు.

"వంకర" అన్నాడు చివరికి.

"ఆ మందు మీసాలకి కూడా రాసుకోలేదు కదా? మూతి పెట్టే ముందు తుడుచుకో" అంది బ్లాజెనా.

తుడుచుకున్నాడు.