పంక్తిభేదం లేని మందు

మా మేనత్తకు అనుమానం పుట్టడానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక ఉంటే చాలు. పాలు విరిగితే ముందు పాలవాడిని తిట్టేది. ఆ పాలు తన మేకలవేనని గుర్తొచ్చాక గిన్నెను అనుమానించేది. "తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. నాలుగోసారి నన్ను లాగమంటుంది," అనేవాడు మామయ్య.

ఆవిడకు పదకొండు మేకలు. వాటిలో పెద్దది దొరసాని. తల్లి చస్తే సీసాతో పాలు పట్టి పెంచింది అత్త. ఆ ఏడు వానలు వెలిశాక దొరసాని మేత ముందు నిలబడి ఎటో చూడడం మొదలుపెట్టింది. దవడ కింద నీళ్ల సంచిలా వాపు వచ్చింది. కింది రెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా తెల్లగా ఉంది. కడుపులో పురుగులు రక్తం తాగేస్తున్నాయన్నమాట. పురుగుల మందు పట్టించి నిండా మూడు వారాలు కాలేదు.

"నెల చూద్దాం. కోలుకోకపోతే కోతకిచ్చేద్దాం," అన్నాడు మామయ్య.

అత్త మందు సీసా కొంగులో చుట్టుకుని తిన్నగా మందుల కొట్టుకు నడిచింది.

"ఇందులో నీళ్లెన్ని కలిపావు?"

"సీలు నువ్వే విప్పావు కదమ్మా," అన్నాడు కొట్టాయన.

"సీలు వెయ్యడం ఎంతసేపు పని."

అక్కణ్ణుంచి మా పశువుల ఆస్పత్రికి వచ్చింది. నేనక్కడ కాంపౌండర్ని. మా డాక్టరమ్మ దొరసానికి రక్తం పట్టే సూది ఒకటి వేసి, సీసా వెలుతురుకు పట్టి చూసి తిరిగిచ్చేసింది.

"మందు పనిచేస్తోందో లేదో సీసా చూస్తే తెలియదమ్మా. ఇవాళ పెంటికలు తెచ్చివ్వండి, పురుగుల గుడ్లు లెక్కపెడతాం. మీరెప్పుడూ పట్టించినట్టే మందు పట్టించి, రెండు వారాలకు మళ్లీ తెండి. నూటికి తొంభై అయిదు తగ్గాయా, మందు మంచిదే."

పదకొండు పొట్లాలు వచ్చాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారంతో. నేను మైక్రోస్కోపులో చూస్తున్నంతసేపూ అత్త నా వెనకే నిలబడింది.

"ఆ కళ్లద్దాలు మార్చి ఎన్నాళ్లయిందిరా?"

"పోయినేడే అత్తా."

"డాక్టరమ్మను కూడా ఓసారి చూడమను."

రెండు వారాలకు లెక్క తేలింది. పిల్ల మేకల్లో గుడ్లు దాదాపు లేవు. పెద్దవాటిలో సగమైనా తగ్గలేదు. దొరసానికి పద్నాలుగు వందల నుంచి తొమ్మిది వందలకే దిగాయి. డాక్టరమ్మ కాగితం మీద పెద్దవాటి వరసలో వేలు పెట్టింది.

"సీసా ఒకటే. నీళ్లు కలిస్తే పిల్లలకూ పనిచేయకూడదు. ఒక్కోదానికి ఎంత పట్టిస్తున్నారు?"

"మూతెడు."

"అన్నిటికీనా?"

"మా ఇంట పంక్తిభేదం లేదమ్మా. చిన్నదీ పెద్దదీ అని చూడను," అంది అత్త, గర్వంగానే.

"మూతెడని ఎవరు చెప్పారు?"

నేను మైక్రోస్కోపు అద్దం తుడవడం మొదలుపెట్టాను. అద్దం శుభ్రంగానే ఉంది.

ఆరేళ్ల కిందట అత్తకున్నవి మూడే మేకపిల్లలు. దొరసాని వాటిలో ఒకటి. ఆ పూట స్కూటరు ఆపకుండానే, "తలా ఓ మూతెడు పొయ్యి అత్తా," అని అరిచి వెళ్లిపోయాను. పదిహేను కిలోల పిల్లకు అది సరిపోతుంది. పిల్లలు పెరిగాయి. నా మాట మాత్రం పెరగలేదు.

"వీడే," అంది అత్త.

కొట్టాయన్ని, సీసాని, నా కళ్లద్దాల్ని అనుమానించిన మనిషి, ఆరేళ్లుగా నా మాటను ఒక్కసారి కూడా అనుమానించలేదు. తిట్టినా బాగుండేది.

"చాలీచాలని మందు పడితే నీరసం పురుగులు చస్తాయి, గట్టివి మిగిలి పిల్లల్ని పెడతాయి," అంది డాక్టరమ్మ. "బరువు తూచి, దానికి తగ్గట్టు పట్టిద్దాం. అప్పటికీ తగ్గకపోతే మందు మారుద్దాం."

ఆస్పత్రిలో ఉన్నది మనుషుల తూకం యంత్రం. మేకను ఎత్తుకుని ఎవరో ఒకరు ఎక్కాలి, తర్వాత వాళ్ల బరువు తీసెయ్యాలి.

"నీ మేక, నువ్వెక్కత్తా."

"నా బరువు నీకెందుకు? మూత మాట చెప్పినవాడే ఎక్కాలి."

ఎక్కాను. దొరసానితో నూట ఇరవై ఒకటి. దించాక, డాక్టరమ్మ దూడలతో వచ్చినవాళ్లందరికీ వినబడేలా చదివింది, "కాంపౌండరుగారు ఎనభై నాలుగు." ఇంట్లో నేను డెబ్బై ఆరని చెప్పుకుంటున్నాను.

"ఊపిరి బిగబట్టాడేమో, మళ్లీ ఎక్కించండి," అంది అత్త.

మళ్లీ ఎనభై నాలుగే. దొరసాని ముప్పై ఏడు. అంటే సుమారు రెండున్నర మూతలు. ఆ రోజే పట్టించాం. మామయ్య పెట్టిన నెల గడువు నిండేసరికి తొమ్మిది వందల గుడ్లు ముప్పైకి దిగాయి.

"ఆ ముప్పై ఎందుకు మిగిలాయి?"

"ఏ మందూ మొత్తం ఊడ్చెయ్యదత్తా."

"నువ్వు చెబితే కాదు. డాక్టరమ్మను పిలు."

డాక్టరమ్మ కూడా అదే చెప్పాక అత్త దొరసాని రెప్ప లాగి చూసుకుంది. కాస్త గులాబీ రంగు తిరిగింది. దవడ కింద వాపూ దిగిపోయింది. మామయ్య కోత మాట మళ్లీ ఎత్తలేదు.

మొన్న అత్త ఇంటికి వెళ్తే నాకు దగ్గు పట్టుకుంది. అత్త దగ్గు మందు తీసి, "నీ బరువెంతరా?" అంది.

"డెబ్బై ఆరు," అన్నాను అలవాటు కొద్దీ.

అత్త సీసాకు మూత బిగించి గోడ వైపు చూసింది. అక్కడ బొగ్గుతో రాసిన మేకల బరువుల కింద, చివరి వరసలో, ఎనభై నాలుగని ఉంది.