సీసం కరిగించిన పెద్దయ్య

పోయిన వారం మధ్యాహ్నం బడిలో పిల్లలకు గుడ్లు పంచుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "అన్న ఎల్లిపోనాడమ్మా. బేగి రా," అన్నాడు. పోయింది మా పెద్దయ్య, నాన్నకు సొంత అన్న. నాన్న నోట 'అన్న' అనే మాట మా ఇంట్లో కొన్నేళ్లపాటు వినబడలేదు. ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే 'ఆ ఇంటాయన' అనేవాడు.

నేను అరకులో టీచరుని. మా ఊరు హుకుంపేట దాటాక కొండ మీద ఉంటుంది. పెద్దయ్యకు అక్కడ కాస్త కాఫీ తోట, రాగులు పండే చోడి చేను ఉండేవి. వాటితోపాటు వలలకు సీసం గుండ్లు పోసేవాడు. వానాకాలం కొండవాగు పారే గెడ్డలో చేపలు పట్టడానికి మా వైపు ఇంటింటా విసురు వల ఉంటుంది. దాని అంచు నీళ్లలో మునగాలంటే బరువు కావాలి. పెద్దయ్య సంతలో పాత లారీ బ్యాటరీలు కొనుక్కొచ్చి, పగలగొట్టి, లోపలి సీసాన్ని వంటింటి పొయ్యి మీదే మూకుట్లో కరిగించేవాడు. చల్లారిన ముక్కను వల తాడుకు చుట్టి పంటితో నొక్కేవాడు. ఇంట్లో పట్టకారు లేక కాదు. "ఇనుముకేటి తెలుస్తాది? పన్నుకయితే తాడు తగల్తాది," అనేవాడు. అదే మూకుట్లో పెద్దమ్మ వేరుశనగలు వేయిస్తే పిల్లలందరం ఆ పొగలోనే కూర్చుని తినేవాళ్లం. ఊళ్లో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

ఆయన ఏ పని చేసినా చూడముచ్చటగా ఉండేది. మిరియాల తీగను చెట్టుకు పాకించడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన పాట అందుకుంటే థింసా నాట్యం ఆడేవాళ్లు అలసట మరిచిపోయేవారు. కానీ ఆ కోపం ఉందే, దానికి వేళాపాళా ఉండేది కాదు. పెళ్లినాటికి ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడని పెద్దమ్మ చెబితే మేము నమ్మేవాళ్లం కాదు. ఒక వానాకాలం, గట్టు మీది చెట్టుకు పాకిన మిరియాల తీగ ఎవరిదని అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. పెద్దయ్య గొడ్డలి తిరగేసి నాన్న మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. పెద్దయ్య జైలుకు వెళ్లి వచ్చాడు. మా రెండిళ్లకూ వాకిలి ఒకటే, అయినా మాటల్లేవు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయన మనవరాలు బడిలో తోటిపిల్ల నుదురు రాయితో పగలగొట్టింది. తాత పోలికేనని ఊరంతా తేల్చేసింది. పిల్ల సరిగా తినదు, అస్తమానూ కడుపునొప్పి అంటుంది. వైద్య శిబిరానికి వచ్చిన డాక్టరమ్మ అనుమానపడి, రక్తం తీసి పట్నం పంపితే ఒంట్లో సీసం ఎక్కువగా ఉందని తేలింది.

డాక్టరమ్మ ఊరందర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. సీసం చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. చదువు ఎక్కదు, కోపం పట్టు తప్పుతుంది. పెరిగాక చేసే కొట్లాటలకూ నేరాలకూ కూడా దానితో సంబంధం ఉండవచ్చని కొందరు అంటారు గానీ, ఎంతవరకో ఇంకా తేలలేదట. ఫలానా మనిషి ఫలానా దెబ్బ సీసం వల్లే కొట్టాడని ఎవరూ చెప్పలేరని కూడా అంది. ఇక్కడ సీసం ఎవరు కరిగిస్తారని అడిగితే పెద్దయ్య లేచి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం నాన్న వాకిలి దాటి వాళ్లింటికి వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను.

"అన్నా, అది నువ్వు కాదంట. సీసమంట," అన్నాడు. ఆ మాట అనే వీలు దొరికినందుకే వాకిలి దాటాడు.

"అవ్వొచ్చురా. డాక్టరమ్మ కూడా అవ్వొచ్చనే అంది," అన్నాడు పెద్దయ్య. "సెయ్యి నాదే గదా."

నాన్న గిరుక్కున తిరిగి వచ్చేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. దెబ్బ తిన్నవాడు తానే మెట్టు దిగి వెళితే ఆయనకు ఇంత బిగుసుకుపోవడం దేనికని ఒకటే తిట్టాడు. నాకూ అది మొండితనంగానే కనబడింది.

మర్నాటి నుంచి పెద్దయ్య ఇల్లిల్లూ తిరిగి వలలు పోగుచేశాడు. సీసం గుండ్లన్నీ కోసేసి వాటి బదులు ఇనుప నట్లు కట్టాడు. పొయ్యి చుట్టూ మట్టి తవ్వి, సీసంతో కలిపి డ్రమ్ముల్లో మూసి, డాక్టరమ్మ పంపిన మనుషులకు అప్పగించాడు. నట్లు తుప్పు పడుతున్నాయని, వల సరిగా పరుచుకోవడం లేదని జనం మొహం మీదే తిట్టేవారు. ఒకప్పుడైతే తలలు పగిలేవి. ఇప్పుడు "నడిసొత్తాను" అని కొండెక్కేసి, కోపం దిగాక కట్టెలమోపుతో వచ్చేవాడు. ఆ ఏడాది పెద్దమ్మకు కట్టెల కరువు లేదు.

మనవరాలిని బడి మానిపించమని హెడ్మాస్టరు కబురు పంపినప్పుడు మాత్రం ఆయన నడకకు పోలేదు. నేరుగా ఆయన ముందు నిలబడ్డాడు. "గుంటని ఎల్లగొట్టకండి బాబూ. దాని ఒంట్లో నేను కరిగించిన సీసముంది. ముందు మందు ఇప్పించనివ్వండి," అన్నాడు. చుట్టుపక్కల ఏ ఊళ్లో పిల్లలు తిరగబడుతున్నారని విన్నా వెళ్లి, తిట్టే ముందు ఆసుపత్రిలో చూపించండని బతిమాలేవాడు. తనకు వద్దన్న సాకును పిల్లలందరికీ పంచిపెట్టాడు. అది అర్థమయ్యాక ఆయన మీద నాకు గౌరవం చెప్పలేనంత పెరిగింది. ఇప్పుడు నా తరగతిలో బల్లలు తన్నే పిల్లలుంటే ముందు వాళ్ల ఇంటికి వెళ్లి పొయ్యి చూస్తాను.

ఆ మనవరాలు ఇప్పుడు కుదురుగా కూర్చుని చదువుకుంటోంది. మందు వల్లో, మూకుడు మారినందుకో, వయసు వచ్చినందుకో నాకు తెలియదు. పెద్దయ్యను అడిగితే మళ్లీ 'అవ్వొచ్చు' అనే అనేవాడు.

ఈ మధ్య ఆయన మంచం పట్టాడు. చనిపోయే ముందటి ఆదివారం నేను వెళ్లేసరికి నాన్న ఆ మంచం పక్కన ఉన్నాడు. తప్పంతా సీసానిదేనని ఒక్కసారి అనేయమని, అంటే తన మనసు తేలికపడుతుందని అడుగుతున్నాడు.

పెద్దయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. "సీసాన్ని మన్నించేత్తే నాకేటి మిగిల్తాదిరా?" అన్నాడు. "నన్ను మన్నించు."

నాన్న లేచి మా ఇంటికి వెళ్లి సబ్బు, చెంబుతో నీళ్లు, తాను గడ్డం గీసుకునే కత్తి తెచ్చాడు. మంచం మీద కూర్చుని అన్న మొహానికి నురగ రాశాడు. వంకరగా అతుక్కున్న ఆ చేత్తోనే కత్తి పట్టుకున్నాడు. పెద్దయ్య కళ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి మెడ చాచాడు.