తోటికోడలి కూతురి మిల్లీగ్రాములు

పేరెంట్ మీటింగ్‌లో టీచర్ మా అమ్మాయి హాసిని లెక్కల పేపర్ చేతికిచ్చిన రోజు, ఏదో తేడాగా ఉందని మొదటిసారి అనిపించింది. పది లెక్కల్లో నాలుగే చేసింది, నాలుగూ సరైనవే. మిగతావి చూడనే లేదు. అదే రోజు మా తోటికోడలి కూతురు అక్షరకు క్లాస్ ఫస్ట్ వచ్చింది. ఇద్దరూ ఐదో తరగతే. నాకు కడుపు మండిపోయింది.

మియాపూర్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో మాది మూడో అంతస్తు, వాళ్లది రెండోది. అక్షర ఏడాదిగా ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస కుదరని సమస్యకు, మందు వాడుతోందని అక్క, అంటే మా తోటికోడలు, ఆ సాయంత్రమే చెప్పింది.

"నువ్వు గూడ జర డాక్టర్‌కు చూపియ్యి. మా పిల్ల గూడ గిట్లనే ఉండె," అంది.

నా బిడ్డకు లేని రోగం అంటగడుతోందనుకుని ఆరు నెలలు ముఖం చాటేశాను.

చివరికి కొండాపూర్‌లో ఒక చైల్డ్ సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాం. హాలు నిండా నాలాగే మెడలో ఐడీ కార్డు, ఒళ్లో లాప్‌టాప్‌తో తల్లిదండ్రులు. టీచర్‌కూ మాకూ ప్రశ్నలిచ్చారు, మూడు సిట్టింగ్‌లు టెస్టులు చేశారు. హాసినిదీ ఏడీహెచ్‌డీయే, అల్లరి లేకుండా ధ్యాస మాత్రం నిలవని ఇన్‌అటెంటివ్ టైప్ అన్నారు. అల్లరి చేయరు కాబట్టి ఆడపిల్లల్లో ఆలస్యంగా బయటపడుతుందట. ఆ ఆలస్యంలో ఆరు నెలలు నావే.

థెరపీ తర్వాత మిథైల్‌ఫెనిడేట్ అనే మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు. పిల్ల నెమ్మదిగా కుదురుకుంటోంది. ఆ నెమ్మది నాకు నచ్చలేదు. అక్క వంటింట్లో అక్షర మందు స్ట్రిప్ మీద పద్దెనిమిది అని చూశాను. మాది పది. ర్యాంకులు లెక్కపెట్టుకుంటూ పెరిగినదాన్ని, మిల్లీగ్రాముల్లోనూ వెనకబడ్డామనిపించింది. లెక్కల ఒలింపియాడ్ పరీక్ష రోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా హాసినికి ఒకటికి బదులు రెండు మాత్రలు వేశాను.

మధ్యాహ్నం స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. పిల్లకు చేతులు వణుకు, గుండె దడ, ఆగని ఏడుపు అన్నారు. ఆసుపత్రిలో ఈసీజీ నార్మల్ వచ్చాక, రెండు మాత్రలు వేశానని మా సైకియాట్రిస్ట్ దగ్గర ఒప్పుకున్నాను.

"పరీక్షల ముందు డోసు పెంచమని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మీరు అడగను కూడా లేదు," అన్నారు డాక్టర్.

తిరిగొస్తుంటే కారులో హాసిని మెల్లగా అంది.

"అమ్మా, అక్షరకు ఎన్ని మార్కులొచ్చినయని రోజూ అడుగుతవ్. నేను తిన్ననా అని ఎన్నడన్న అడిగినవా?"

మందుతో ఆకలి తగ్గి పిల్ల రెండు కిలోలు చిక్కిందని, ఆ రోజు తూచినప్పుడే నాకు తెలిసింది.

ఇప్పుడు ఏడాది దాటింది. డోసు అదే పది. బరువు తిరిగొచ్చింది, పదిలో ఏడు లెక్కలు చేస్తోంది. అక్షర ఈసారీ ఫస్టే. నా కడుపు మంట పూర్తిగా పోలేదు, దాచుకోను.

మందు మొదలుపెట్టినవాళ్లకు ఒక్క మాట: డోసు మీ అంతట మీరు మార్చకండి. పిల్ల తిండి, నిద్ర, బరువు ఒక నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కు చూపించండి. మా నోట్‌బుక్ అట్ట మీద హాసిని తన పేరు రాసి, కింద "అక్షర పేరు రాయొద్దు" అని కూడా రాసింది. అయినా లోపల ఒకచోట ఆ పేరు రాశాను. మళ్లీ నేనే గీత గీసి కొట్టేశాను.