ఇమ్రాన్‌ను పంపించింది నేనే

మొన్న పంజాగుట్టలో ఒక షాపింగ్ మాల్ గేటు దగ్గర తనిఖీ యంత్రం కుయ్యిమంది. నా ముందువాళ్ళకీ కుయ్యిమంది, నాకూ కుయ్యిమంది. మమ్మల్నందర్నీ వదిలేసి, గడ్డం ఉన్న ఒక కుర్రాణ్ణి మాత్రం పక్కకు పిలిచి టిఫిన్ డబ్బా దాకా విప్పించారు. నాకు ఒళ్ళు మండింది. కానీ నాకు కోపం తెచ్చుకునే అర్హత ఎక్కడిది? సుగుణమ్మ గారు బతికుంటే అదే అడిగేవారు.

అమీర్‌పేట సందులో ఆవిడ మగపిల్లల హాస్టల్ నడిపేవారు. కోచింగ్ కోసం తెనాలి నుంచి వచ్చిన నేను అక్కడే ఉంటూ మేనేజరు పని చేసేవాణ్ణి. నగరంలో పేలుళ్ళు జరిగిన మర్నాడు ఆదివారం. ఆవిడ చర్చికి వెళ్ళారు. మూడో అంతస్తు కుర్రాళ్ళు నా బల్ల చుట్టూ మూగి, "ఇమ్రాన్‌తో ఒకే రూములో ఉండలేం అన్నా, ఎవరెట్లాంటోళ్ళో ఏం తెలుసు?" అన్నారు. ఇమ్రాన్‌ది నిజామాబాద్. ఎనిమిది నెలలుగా వాళ్ళకు జావా పాఠాలు చెబుతున్నది అతనే. మర్నాడు అతనికి ఇంటర్వ్యూ ఉందని కూడా నాకు తెలుసు. అయినా పైకి వెళ్ళి, "మేడమ్ గారు ఖాళీ చెయ్యమన్నారు" అని అబద్ధం చెప్పాను. అతను ఇస్త్రీ చొక్కా నలగకుండా చేతిమీద వేసుకుని, పెట్టె పట్టుకుని దిగిపోయాడు. గంట తిరక్కుండా ఆ మంచం కొత్తగా వచ్చిన ఒకతనికి ఇచ్చేశాను.

మధ్యాహ్నం సుగుణమ్మ గారు జరిగింది విని ఫైలు తెమ్మన్నారు.

"గీ కొత్త పిల్లగాని గుర్తింపు కార్డేది?"

"రేపిస్తానన్నాడండి."

"మరి నీది?"

నాదీ ఫైల్లో లేదు. ఫోటో, గుర్తింపు కార్డు, తండ్రి ఫోన్ నంబరు అన్నీ సక్రమంగా ఉన్నవి మొత్తం హాస్టల్లో ఒక్క ఇమ్రాన్‌వే. అతన్ని మూడుసార్లు అడిగి తీసుకున్నాను. మిగతావాళ్ళను అడగాలని నాకు తోచనే లేదు. సిగ్గులేని కాపలా అది!

"పేర్లు సూసి కాపలా కాస్తున్నవా?" అన్నారావిడ. "బాంబు పెట్టినోనికి గిదే కావాలె. మనం నూకేసిన పిల్లగాని కోసమే ఎవడో ఒకడు బయట కాసుకోని ఉంటడు, నీకు నేనున్న రా అని. వాని పని నువ్వు చేసిపెట్టినవ్. అనుమానమొస్తే మనిషి చేసే పని సూడు, పోలీసులకు చెప్పు. పేరేం చేసింది?"

అప్పటికప్పుడు నాతో మొదలుపెట్టి అందరి కాగితాలూ తీసుకున్నారు. కొత్తతను తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. తర్వాత ఇమ్రాన్ తండ్రికి ఫోన్ చేసి, అతను పంజాగుట్టలో స్నేహితుడి గదిలో ఉన్నాడని తెలుసుకుని, నన్ను వెంటబెట్టుకు వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులెక్కారు.

ఇమ్రాన్ తలుపు సగమే తీశాడు. "మీరే పొమ్మన్నరంట గద మేడమ్. మళ్ళ ఎందుకొచ్చిండ్రు?"

నేను ఆవిడ పేరు చెప్పి పంపేశానని ఆవిడకు అప్పుడే తెలిసింది. నావైపు చూశారు. నేను నేల చూశాను.

"తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్. వాపస్ రా," అన్నారు ఇమ్రాన్‌తో.

"రేపు ఇంటర్వ్యూ ఉంది, చదువుకోవాలె," అని అతను తలుపు వేసేశాడు.

మెట్లు దిగుతూ ఆవిడ నన్ను తిట్టలేదు. "నిజమేందో నువ్వే చెప్తవనుకున్న," అన్నారంతే.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తనను గెంటేసింది ఆవిడేనని ఇమ్రాన్ ఎక్కడో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు.