బయటికి తెరుచుకునే గేటు

మావారు రిటైరయ్యాక పాత వ్యాన్‌లో మంచం, పొయ్యి బిగించుకుని మేమిద్దరం ఊళ్లు తిరుగుతున్నాం. రోజూ పొద్దుగూకేసరికి ఒకటే బెంగ, ఈ రాత్రికి బండి ఎక్కడ ఆపుకుని పడుకోవాలా అని.

జంషెడ్‌పూర్‌లో ఒక రోజు బిష్టుపూర్ పేటలో రెండుచోట్ల వాచ్‌మన్లు కదలమన్నారు. చివరికి భాలుబాసాలో ఒక సందులోకి తిరిగాం. మేం తెలుగులో వాదులాడుకోవడం విని ఒకావిడ బయటికొచ్చింది. శ్రీకాకుళం వాళ్లట.

"రోడ్డు మీద ఏటమ్మా? మా గోడ పక్కన ఎట్టుకోండి. మా ఆయన నైట్ షిఫ్టుకి ఎల్లిపోనారు" అంది.

మావారు బండిని గోడకు, గేటుకు ఆనించి మరీ పెట్టారు. హాయిగా నిద్రపోయాం.

పొద్దున ఎనిమిదింటికి తలుపు తీస్తే, ఎదురుగా స్కూటర్ మీద ఒక మనిషి మా బండినే చూస్తూ కూర్చున్నాడు. దొంగేమో అనుకున్నాను. "ఎవడ్రా నువ్వు? ఇక్కడేం పని?" అని వీధంతా వినపడేలా అరిచాను.

గేటు వెనకనుంచి ఆవిడ నవ్వింది. "ఆయనే మా ఆయనమ్మా!"

ఆ గేటు బయటికి తెరుచుకుంటుంది. మా బండి అడ్డం. ఆరున్నరకే వచ్చి, లోపలికి వెళ్లలేక అక్కడే కూర్చున్నాడట. సిగ్గుతో చచ్చిపోయాను.

"తలుపు కొట్టొచ్చు కదా బాబూ?"

"రేత్రంతా మేలుకున్నోడికి నిద్దర ఇలువ తెల్దేటమ్మా?" అన్నాడు, ఎర్రటి కళ్లతో నవ్వుతూ.

ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర రాత్రంతా నిలబడొచ్చిన మనిషి, ముక్కూమొహం తెలియని మా కోసం తన నిద్ర వాయిదా వేసుకున్నాడు. తర్వాత ఎన్నో ఊళ్లలో పడుకున్నాం. బండి ఆపగానే నేను ముందు దిగి, గేటు ఎటు తెరుచుకుంటుందో చూస్తాను.